గీత మీద పడ్డ వెలుగు ఎవరిది?

మావయ్య రిటైరైన మండల సర్వేయరు. సొంతూరు తణుకు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా, ఆపైన కొల్లేటి లంకల్లోనూ గొలుసు పట్టుకుని తిరిగిన మనిషి. మేనకోడలు భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మోసుకెళ్ళిన ఆస్ట్రోశాట్ పంపే డేటాతో ఆమె పని. సంక్రాంతి సెలవులకి తణుకు వచ్చి, లాప్‌టాప్‌లో ఒక ఎక్స్‌రే నక్షత్రం బొమ్మ తెరిచింది. నక్షత్రం చుట్టూ గీసిన హద్దు దగ్గర ఎంత పట్టింపు ఉండాలన్న దాని మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆ వాదన ఇది.

మేనకోడలు: ఈ ఆకుపచ్చ వలయమే మావయ్యా, మేం గీసుకునే రీజియన్. నక్షత్రం మధ్యలో ఉంది. వలయంలో పడ్డ ఫోటాన్లు నక్షత్రం లెక్కలోకి వస్తాయి, బయటపడ్డవి రావు. ఒక్కో ఫోటాన్‌కి ఫైల్లో ఒక వరుస ఉంటుంది: ఎక్కడ తగిలింది, ఎప్పుడు తగిలింది, శక్తి ఎంత. దాన్ని ఈవెంట్ లిస్టు అంటాం. ఆ వరుసలన్నీ గడుల్లో పోగేస్తే ఈ బొమ్మ వస్తుంది.

మావయ్య: గడులు చదరంగా ఉన్నాయి, నీ వలయం గుండ్రంగా ఉంది. గీత కొన్ని గడుల్ని మధ్యకి కోసేస్తోంది. ఆ గడులెవరివి?

మేనకోడలు: గడి మధ్య బిందువు వలయంలో ఉంటే గడంతా లోపలిది. లేకపోతే గడంతా బయటిది. ఈవెంట్ లిస్టు మీద అయితే గడితో పని లేదు. ఆ ఫోటాన్ ఎక్స్, వై విలువలు వలయంలో ఉన్నాయా లేవా అన్నదే సాఫ్ట్‌వేర్ చూస్తుంది.

మావయ్య: అంటే వలయమూ ఒకటే, నక్షత్రమూ ఒకటే. బొమ్మ మీద లెక్కపెడితే ఒక అంకె, ఈవెంట్ల మీద లెక్కపెడితే ఇంకో అంకె.

మేనకోడలు: తేడా వస్తుంది గానీ పట్టించుకునేంత కాదు. నేను వాడేది ఆస్ట్రోశాట్‌లోని సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోపు, ఎస్‌ఎక్స్‌టీ. దాని కెమెరా అడ్డంగా 600 గడులు, నిలువుగా 600 గడులు. ఒక్కో గడి ఆకాశంలో సుమారు 4 ఆర్క్ సెకన్లు. దాని అద్దాలు వెలుగుని బాగా వెడల్పుగా పరుస్తాయి కాబట్టి వలయం వ్యాసార్ధం మామూలుగా 15 ఆర్క్ నిమిషాలు పెట్టుకుంటాం. అంటే రమారమి 220 గడులు. లోపల లక్షన్నర గడులుంటే, గీత కోసేవి పదిహేడు పద్ధెనిమిది వందలు. వాటిలోనూ కొన్ని లోపలికి, కొన్ని బయటికి పోయి, మిగిలే తేడా ఎంతో ఉండదు. నక్షత్రం నుంచి పదివేల ఫోటాన్లు వచ్చాయనుకోండి, గణాంకాల ప్రకారమే ఆ అంకె వంద అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులో గీత మీది గడులు సముద్రంలో కాకిరెట్ట.

మావయ్య: నేనొప్పుకోను. మా పనిలో తగువులన్నీ గట్టు మీదే. చేను నడిమధ్య గురించి ఎవరూ కొట్టుకోరు. ఎఫ్‌ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, జీ-లైను అనే ఆధార గీత వేసి, దాని నుంచి ఆఫ్‌సెట్లు తీసి హద్దు గీశాక, ఆ హద్దు దగ్గరి ప్రతి సెంటూ ఏదో ఒక సర్వే నంబరులో పడి తీరాలి. రెండిట్లోనూ పడకూడదు, రెండిటికీ కాకుండానూ పోకూడదు. అలా పోతే ఊరి విస్తీర్ణం కూడికలో తేలదు. నీ లెక్కలో ఆ నియమం ఎక్కడుంది?

మేనకోడలు: ఊళ్ళో భూమికి ఓనర్లుంటారు మావయ్యా. ఆకాశంలో ఈ గీత నాది. నా వీలు కోసం నేను గీసుకున్నది. అది అటు ఒక గడి జరిగితే ఎవరికీ నష్టం లేదు.

మావయ్య: నష్టం ఉందో లేదో చూద్దాం. 220 గడుల వలయం చూపించి తప్పించుకోకు. చిన్న వలయాలు వేసేవాళ్ళు లేరా మీలో?

మేనకోడలు: ఉన్నారు. 1999 జులైలో ఎగిరిన చంద్ర టెలిస్కోపు చూపు చాలా పదును. దాని గడి అర ఆర్క్ సెకనే. మసక నక్షత్రానికి రెండు మూడు గడుల వ్యాసార్ధం సరిపోతుంది.

మావయ్య: అయితే గ్రాఫు కాగితం తీయ్. వ్యాసార్ధం 2 గడులు, కేంద్రం ఒక గడికి సరిగ్గా నడిమధ్య. ఎన్ని గడులు లోపలికొస్తాయి?

మేనకోడలు: మధ్య బిందువులు చూసుకుంటే తొమ్మిది నికరంగా లోపల. కుడి, ఎడమ, పైన, కింద ఇంకో నాలుగున్నాయి. వాటి మధ్య బిందువులు కేంద్రానికి సరిగ్గా రెండు గడుల దూరంలో, గీత మీదే ఉన్నాయి. గీతని లోపలిదిగా తీసుకుంటే 13, బయటిదిగా తీసుకుంటే 9.

మావయ్య: వలయం అసలు విస్తీర్ణం?

మేనకోడలు: 12.57.

మావయ్య: ప్రోగ్రాములో ‘తక్కువ’ అని రాశావా, ‘తక్కువ లేదా సమానం’ అని రాశావా అన్నదానితో నాలుగు గడులు చేతులు మారాయి. ఇప్పుడు వ్యాసార్ధం రెండున్నర వేయి.

మేనకోడలు: కేంద్రం గడి నడుమ ఉంటే 21 గడులు. అదే కేంద్రాన్ని అర గడి పక్కకి, అర గడి పైకి, నాలుగు గడులు కలిసే మూలకి జరిపితే 16. అసలు విస్తీర్ణం 19.63.

మావయ్య: అర గడి కదిపితే అయిదు గడులు పోయాయి. ఇప్పుడు నువ్వు నక్షత్రం వెలుగులోంచి వెనకనున్న ఆకాశం వెలుగు తీసేస్తావు కదా?

మేనకోడలు: తీసేస్తాం. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అంటాం. పక్కన ఖాళీ ఆకాశంలో గడికి ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయో చూసి, వలయం విస్తీర్ణంతో గుణించి తీసేస్తాం.

మావయ్య: గడికి ఒక ఫోటాన్ అనుకో, నక్షత్రానివి పది అనుకో. నీ వలయంలోకి వచ్చింది 16 గడులే అయితే మొత్తం 26 ఫోటాన్లుంటాయి. విస్తీర్ణం మాత్రం పై ఆర్ స్క్వేర్ వేసి 19.63 తీసేశావు. నక్షత్రానికి మిగిలింది ఆరు, ఆరున్నర. పదిలో మూడో వంతుకి పైగా ఎగిరిపోయింది. ఆ వెలుగు ఎవరూ దొంగిలించలేదు. ఫోటాన్లని ఒక హద్దుతో లెక్కపెట్టి, విస్తీర్ణాన్ని ఇంకో హద్దుతో కొలిచావు, అంతే.

మేనకోడలు: లెక్క నిజమే. కానీ 26 ఫోటాన్లకి గణాంకాల ఊగు అయిదు. మీరు చూపించిన తేడా మూడున్నర. అది ఊగులోనే కలిసిపోతుంది. పైగా నక్షత్రాలు గడులు చూసుకుని పుట్టవు. వాటి కేంద్రాలు గడిలో ఎక్కడైనా పడతాయి. ఒకదానికి 21 వస్తే ఇంకోదానికి 16 వస్తుంది. అన్ని స్థానాల మీదా సగటు తీస్తే సరిగ్గా 19.63 వస్తుంది. అది గణితం, ఎవరూ కాదనలేరు.

మావయ్య: కేంద్రాలు నిజంగా ఎక్కడంటే అక్కడ పడితే నీ మాట సరే. నువ్వు కేంద్రం ఎక్కడ పెడతావు?

మేనకోడలు: అన్నిటికన్నా ఎక్కువ వెలుగున్న గడి మీద.

మావయ్య: ఆ గడి నడిమధ్య?

మేనకోడలు: చాలామంది అలాగే పెడతారు. ప్రోగ్రాముకి అదే తేలిక.

మావయ్య: అయితే ప్రతి నక్షత్రానికీ 21 వస్తుంది. 16 ఎప్పుడూ రాదు. నీ సగటు ఎక్కడినుంచి తేలుతుంది? ఇప్పుడు విడిగా కనబడనంత మసకగా ఉన్నవాటిని వెయ్యి పేర్చి చూస్తారట కదా మీరు. లెక్క కట్టు.

మేనకోడలు: పేర్చడం ఉంది, స్టాకింగ్ అంటాం. ఒక్కో నక్షత్రానికి 21 గడుల ఆకాశం లోపలికొచ్చి, 19.63 గడులదే తీసేస్తే, 1.37 ఫోటాన్ మిగిలిపోతుంది. వెయ్యి నక్షత్రాలకి 1,370 దాకా. మొత్తం ఫోటాన్లు 31 వేలు. వాటి ఊగు 176.

మావయ్య: ఊగు 176, దొంగ వెలుగు 1,370. ఒక్క చేను కొలిచినప్పుడు గొలుసు ఒక లింకు సాగిందంటే ఎవరికీ తెలియదు. అదే గొలుసుతో ఊరంతా కొలిస్తే తెలుస్తుంది. అటూ ఇటూ ఊగేది పేర్చినకొద్దీ తగ్గుతుంది. ఒకే పక్కకి లాగేది పేర్చినకొద్దీ పేరుకుంటుంది. గీత మీది గడి కాకిరెట్ట అన్నావే, సముద్రం ఎంత ఉందో చూడకుండా అన్నావు.

మేనకోడలు: ఈ ముక్క ఒప్పుకుంటున్నాను. అయితే దీనికి మందు మీరన్న ‘ప్రతి సెంటూ ఒక్కరికే’ నియమం కాదు. లోపల ఎన్ని గడులు పడ్డాయో అన్నే విస్తీర్ణంగా రాసుకుంటే చాలు. 21 గడుల ఫోటాన్లు లెక్కపెట్టి 21 గడుల ఆకాశం తీసేస్తే దొంగ వెలుగు ఉండదు. 16కి 16 తీసేసినా ఉండదు. గీత వంకరైనా ఫరవాలేదు. ఫోటాన్లు లెక్కపెట్టిన గీతా, విస్తీర్ణం కొలిచిన గీతా ఒకటై ఉండాలి.

మావయ్య: అది మంచి మాట. నేను చెప్పదలిచిందీ దాదాపు అదే. కానీ ‘ఒక్కరికే’ అన్న నియమాన్ని ఎందుకు తోసేస్తున్నావు?

మేనకోడలు: హైదరాబాదులోనే దానికి జవాబుంది. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపటం పనిలో లోకంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగోకి ఇచ్చిన దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల పట్టీ అక్కడ సాగక నిజామియాకి వచ్చింది. 1914 నుంచి ఇక్కడ గాజు పలకల మీద ఫోటోలు తీశారు. పోకాక్, ఆయన తర్వాత టి. పి. భాస్కరన్ ఆ పని నడిపించారు. పైన 10 నుంచి 16 డిగ్రీలు మెక్సికోలోని టకుబాయా వాళ్ళవి. కింద 24 నుంచి 31 అర్జెంటీనాలోని కోర్డోబా వాళ్ళవి. ఇవి పలకల కేంద్రాల అంకెలు. ఒక్కో పలక రెండు డిగ్రీల చదరం. 17 మీద కేంద్రం పెట్టిన హైదరాబాదు పలక 16 నుంచి 18 దాకా పరుచుకుంటుంది. 16 మీద పెట్టిన మెక్సికో పలక 15 నుంచి 17 దాకా. మరి 16న్నర దగ్గరున్న నక్షత్రం ఎవరిది మావయ్యా?

మావయ్య: ఇద్దరి పలకల మీదా ఉంటుంది.

మేనకోడలు: కావాలనే అలా పెట్టారు. సరిహద్దు దగ్గరే కాదు, పట్టీ అంతటా ఒక వరుస పలక మూల, పక్క వరుస పలక కేంద్రం మీద పడేట్టు అమర్చారు. ఆకాశంలో ప్రతి చోటూ కనీసం రెండు పలకల మీద పడింది. మీ నియమం ప్రకారం ఇది తప్పు కదా? కానీ ఒక నక్షత్రం రెండు పలకల మీద ఉండబట్టే ఒక పలక వంకరని ఇంకో పలకతో సరిచూసుకోగలిగారు. బేగంపేటలో కొలిచిన స్థానాలు అక్కడితో ఆగలేదు. అన్ని పట్టీలూ కలిపి అమెరికా నేవల్ అబ్జర్వేటరీ ఏసీ 2000 అనే పట్టిక చేసింది. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో ఇరవై అయిదు లక్షల నక్షత్రాల నడకలకి ముఖ్యమైన పాత ఆధారం అదే. హద్దు దగ్గర రెండుసార్లు పడటం అక్కడ వరమైంది.

మావయ్య: కొలతకి వరం. మేమూ ఫీల్డు కొలిచాక చెక్ లైను వేస్తాం, ఒకే మూలని రెండు వైపుల నుంచి కొలిచి చూసుకుంటాం. అది కొలతకి సాక్ష్యం. కానీ ‘ఈ పట్టీలో నక్షత్రాలెన్ని’ అని అడిగితే? హైదరాబాదువాళ్ళ అంకె, మెక్సికోవాళ్ళ అంకె కూడితే 16న్నర దగ్గరున్నది రెండుసార్లు రాదూ?

మేనకోడలు: వస్తుంది. అందుకే పట్టికలు కలిపేటప్పుడు జంటలు వెతికి ఒకటి చేస్తారు. నా పనిలోనూ ఇదే ఉంది. ఆస్ట్రోశాట్ గంటన్నర పైచిలుకులో భూమిని ఒకసారి చుట్టి వస్తుంది. డేటా ప్రదక్షిణకొక ఫైలుగా వస్తుంది. ఒక ఫైలు చివరున్న ఈవెంట్లు కొన్ని తర్వాతి ఫైలు మొదట్లో మళ్ళీ ఉంటాయి. వాటిని గుడ్డిగా అతికిస్తే ఆ ఫోటాన్లు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి. అందుకే ఎస్‌ఎక్స్‌టీ ఫైళ్ళని కలపడానికి విడిగా ఒక పనిముట్టు ఉంది. రెండుసార్లు పడ్డ ఈవెంట్లని తీసేసి, చూసిన సమయాల జాబితాని కూడా దానికి తగ్గట్టు సరిచేస్తుంది.

మావయ్య: సమయాన్ని కూడా సరిచేయాలా?

మేనకోడలు: చేయాలి. నక్షత్రం ప్రకాశం అంటే సెకనుకి ఎన్ని ఫోటాన్లు అనే కదా. జంట ఈవెంట్లు తీసేసి, సెకన్లు మాత్రం రెండు ఫైళ్ళవీ కూడితే నక్షత్రం మసకబారినట్టు కనబడుతుంది. సెకన్లు సరిచేసి ఈవెంట్లు వదిలేస్తే దాని వెలుగు పెరిగినట్టు కనబడుతుంది.

మావయ్య: చూశావా, ఇందాక విస్తీర్ణం, ఇప్పుడు సమయం. భాగించేది ఏదైనా సరే, లెక్కపెట్టిన హద్దుతోనే దాన్నీ కొలవాలి. నా నియమాన్ని ఇలా మార్చుకుంటాను: కొలిచేటప్పుడు ఎన్నిసార్లు కొలిచినా మంచిదే, లెక్కకట్టేటప్పుడు మాత్రం ఒక్కసారే.

మేనకోడలు: అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

మావయ్య: నాకొకటి ఉంది. గీత కోసిన గడిని మొత్తంగా లోపలో బయటో అనడం నాకింకా మింగుడు పడటం లేదు. గడిలో నాలుగో వంతే లోపలుంటే నాలుగో వంతే తీసుకోవచ్చు కదా? చేను కొంత పోరంబోకులోకి పోతే పోయినంత మేరకే సబ్‌డివిజన్ చేస్తాం. మొత్తం చేను రాసివ్వం.

మేనకోడలు: అలా చేసే పద్ధతీ ఉంది. గడిని గీత ఎంత మేర కోస్తే అంత వంతు తీసుకుంటారు. మామూలు టెలిస్కోపు బొమ్మల్లో, వెలుగు ధారగా వచ్చేచోట, అదే మేలు. వ్యాసార్ధం రెండున్నర వేస్తే కేంద్రం ఎక్కడున్నా విస్తీర్ణం 19.63 వస్తుంది. కానీ ఎక్స్‌రేలో ఫోటాన్లు ఒక్కొక్కటిగా వస్తాయి. గడిలో ఒక్క ఫోటాన్ ఉంది. అది గడిలో ఎక్కడ పడిందో తెలియదు. దాన్ని పావు ఫోటాన్‌గా లెక్కపెడితే అంకెలు పూర్ణసంఖ్యలుగా ఉండవు. ఊగు ఎంతని చెప్పడానికి మేం వాడే పాయిసాన్ సూత్రం పూర్ణసంఖ్యల మీదే నిలబడింది. విస్తీర్ణాన్ని వంతులు చేయొచ్చు. ఫోటాన్‌ని చేయకూడదు.

మావయ్య: మరి ఏం చేస్తావు?

మేనకోడలు: వీలైనచోట బొమ్మ మీద కోయను, ఈవెంట్ లిస్టు మీదే కోస్తాను. అక్కడ ఫోటాన్ అయితే లోపల, కాకపోతే బయట. గీత మీద సరిగ్గా పడ్డది లోపలిదని ఒకసారి నిర్ణయించుకుంటే అన్నిచోట్లా అదే. పక్కపక్కన రెండు వలయపట్టీలు వేసినప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. మొదటి దాని బయటి గీతా, రెండోదాని లోపలి గీతా ఒకటే. రెండూ గీతని తమలో కలుపుకుంటే గీత మీది ఫోటాన్ రెండిట్లోనూ పడుతుంది. అప్పుడు లోపలి గీత నాది, బయటి గీత పక్కదానిది అని రాసుకోవాలి.

మావయ్య: నేను మొదట్లో అన్నది ఇదే కదమ్మా!

మేనకోడలు: ఆ ఒక్కచోట మీదే పైచేయి. ఇంకో చిక్కు కూడా చెబుతాను, అదీ మీకు నచ్చుతుంది. నక్షత్రం చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ కోసం ఒక వలయపట్టీ వేశాం. అందులో వేరే నక్షత్రం ఒకటి అడ్డొచ్చింది. దాన్ని చిన్న వలయంతో తీసేశాం. ఆ చిన్న వలయం సగం పట్టీలో ఉంది, సగం పట్టీ బయట ఉంది. విస్తీర్ణం ఎంత?

మావయ్య: పట్టీలోంచి చిన్న వలయం మొత్తం తీసేస్తే తప్పు. పట్టీలో ఉన్న ముక్క వరకే తీసేయాలి. పక్క సర్వే నంబరులో ఉన్న చెరువు ముక్కని నీ పట్టా నుంచి ఎవరు కోస్తారు?

మేనకోడలు: సూత్రాలు రాసేవాళ్ళు రెండు వలయాల విస్తీర్ణాలు తీసివేసి ఊరుకుంటారు. ఫోటాన్ల లెక్క మాత్రం సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఆ ముక్క వరకే తీస్తుంది. మళ్ళీ అదే గొడవ, రెండు గీతలు. కెమెరా అంచు దగ్గరా ఇంతే. నక్షత్రం పక్కకి ఉంటే 15 నిమిషాల వలయంలో కొంత కెమెరా దాటి పోతుంది. అక్కడ ఫోటాన్లు లేవు, ఆకాశం మాత్రం ఉంది. మూలలు నాలుగిట్లో పరీక్ష కోసం పెట్టిన ఇనుము-55 రేడియోధార్మిక మూలాలున్నాయి. అక్కడ ఫోటాన్లున్నాయి, అవి ఆకాశానివి కావు. ఆ రెండు చోట్లనీ లెక్కలోంచీ విస్తీర్ణంలోంచీ కలిపే తీసేయాలి.

మావయ్య: ఇప్పుడు నేను కొల్లేటికి వస్తాను. 1999 అక్టోబరులో జీవో 120 ఇచ్చి, ప్లస్ 5 కాంటూరు దాకా కొల్లేరు అభయారణ్యం అన్నారు. సముద్రమట్టం మీద అయిదు అడుగుల ఎత్తు గీత అది. లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ప్రతి చెరువు దగ్గరా అడిగింది గీతకి ఇవతలా, అవతలా అనే. 2008లో దాన్ని ప్లస్ 3కి తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. నేల అంత చదునుగా ఉన్నచోట ఎత్తులో అంగుళం మారితే నేల మీద గీత ఎంతో దూరం జరుగుతుంది. నేలని చూసే ఉపగ్రహం బొమ్మలో ఆ గీత ఎలా గీస్తావు?

మేనకోడలు: అది ఆకాశం కంటే కష్టం. నేలని చూసే మన ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు. అంటే ఒక్క గడి పదమూడున్నర సెంట్లు. చెరువు గట్టు మూడు నాలుగు మీటర్లుంటే అది గడిని నింపదు. ఒకే గడిలో నీళ్ళూ గట్టూ కలిసిపోతాయి. నీళ్ళ మీద గుర్రపుడెక్క కప్పేస్తే పచ్చగా కనబడి చేను అనిపిస్తుంది. కిక్కిస గడ్డీ అంతే. ఆ గడి మధ్య బిందువు ఎటు పడిందన్నది ఇక్కడ ఎందుకూ పనికిరాదు. గడే కలగలుపు. నేనైతే నీరు, నేల, కలగలుపు అని మూడు రకాలు రాస్తాను.

మావయ్య: రికార్డులో మూడో రకం పనికిరాదమ్మా. లంకలో మనిషికి పట్టా ఉన్నట్టో లేనట్టో చెప్పాలి. కలగలుపు అని రాసిస్తే అతను ఆ కాగితంతో బ్యాంకుకి వెళ్ళలేడు, కోర్టుకీ వెళ్ళలేడు.

మేనకోడలు: బొమ్మకి తెలియనిది తెలిసినట్టు రాస్తే అంతకంటే అన్యాయం కాదా? ఆ గడి దగ్గరికి మనిషిని పంపి కొలిపించాలి. ఏ గడుల దగ్గరికి పంపాలో చెప్పేది ఆ మూడో రకమే.

మావయ్య: పంపితే సరే. పంపకుండా దాన్నే తీర్పు చేస్తేనే నా పేచీ.

మేనకోడలు: ఒక విషయంలో మాత్రం మనిద్దరికీ పేచీ ఉండకూడదు. ‘అభయారణ్యంలో నూటికి ఇంత నీరు’ అని లెక్క చెబుతారు. నీటి గడుల్ని బొమ్మ మీద లెక్కపెట్టి, జీవోలో ఉన్న 308తో భాగిస్తే అది చెల్లదు. బొమ్మ మీద అదే గీతతో, అదే నియమంతో ఎన్ని గడులు లోపల పడ్డాయో వాటితోనే భాగించాలి.

మావయ్య: నూటికి నూరుపాళ్ళు. ఇంకోటి కూడా కలుపు: గీత ఏ తేదీ నాటిదో రాయాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఒండ్రు తెస్తాయి. నేల పెరిగితే ప్లస్ 5 గీత లోపలికి జరుగుతుంది. ఏ సర్వే ఎత్తులతో గీశారో చెప్పకపోతే రెండు గీతలు పక్కపక్కన పెట్టి కొట్టుకోవడమే.

మేనకోడలు: ఆకాశంలోనూ అలాగే రాశారు. నక్షత్ర మండలాల సరిహద్దుల్ని బెల్జియం ఖగోళవేత్త డెల్పోర్ట్ గీశాడు. 1930లో వాటిని ప్రచురించారు. ఆ గీతలన్నీ 1875 నాటి అక్షాంశ రేఖాంశాలకి కట్టి ఉంటాయని స్పష్టంగా చెప్పాడు. భూమి అక్షం ఊగుతున్నా గీత ఎక్కడుందో సందేహం రాదు. నక్షత్రాలు మాత్రం కదులుతాయి. ఆక్విలా మండలంలోని రో అనే నక్షత్రం 1992లో గీత దాటి డెల్ఫినస్‌లోకి వెళ్ళిపోయింది. గీత ఎక్కడుందో ఖాయంగా రాసి ఉంది కాబట్టే అది దాటిందని చెప్పగలిగాం.

మావయ్య: అయితే నీ థీసిస్‌లో ఏం రాస్తావు?

మేనకోడలు: వలయం కేంద్రం, వ్యాసార్ధం, ఏ అక్షాల్లోనో రాస్తాను. మొదటి గడిని ఒకటి అన్నానా, సున్నా అన్నానా కూడా రాస్తాను. ఖగోళ డేటా దాచే ఫిట్స్ ఫైళ్ళలో మొదటి గడి మధ్య బిందువు 1, పైథాన్‌లో 0. ఆ తేడా చూసుకోకపోతే వలయం ఒక గడి జరిగిపోతుంది. గీత మీద పడ్డది ఎటో రాస్తాను. విస్తీర్ణాన్ని సూత్రంతో కాకుండా లోపల పడ్డ గడులతో కొలిచానని రాస్తాను. రీజియన్ ఫైలునీ జతచేస్తాను.

మావయ్య: ఇంకొక్కటి. నువ్వు మొదట్లో ‘పట్టించుకోనక్కర్లేదు’ అన్నావు. అది ఊరికే అనకూడదు, చేసి చూపించాలి.

మేనకోడలు: ఎలా?

మావయ్య: వలయాన్ని అర గడి జరిపి ఒకసారి లెక్కపెట్టు. ఒక గడి పెంచి ఒకసారి, ఒక గడి తగ్గించి ఒకసారి. ప్రతిసారీ లెక్కా, విస్తీర్ణమూ ఆ గీతతోనే, వలయంలో పట్టే నక్షత్రం వెలుగు వంతూ ఆ వ్యాసార్ధానిదే. నీ నక్షత్రం ప్రకాశం గణాంకాల ఊగు దాటి మారలేదంటే నీ మాట నెగ్గింది, ఆ గీతని ఇక మరిచిపో. మారిందంటే ఆ మార్పు ఎంతో ఫలితం పక్కనే అచ్చువేయి. ఎస్‌ఎక్స్‌టీ పెద్ద వలయంలో నువ్వే గెలుస్తావనుకుంటున్నాను. వెయ్యి మసక నక్షత్రాలు పేర్చినచోట నేను గెలుస్తాను.

మేనకోడలు: పందెం ఒప్పుకున్నాను. మూడో రకం గడుల సంగతి మాత్రం నేను వదలను.

మావయ్య: నేనూ వదలను. నీ బొమ్మలో ఉంచుకో, పట్టాలోకి తేవద్దు. అక్కడికి వచ్చేలోగా ఎవరో ఒకరు బురదలో దిగి కొలిచి తీరాలి.